చల్లదనం ఎక్కడ జారిపోతోంది?

జూన్ మొదటివారం. తొలకరి జాడలేదు, ఒకటే ఉక్కపోత. రెంజల్‌కు చెందిన ఓ రైతు తల్లిని నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కారులో ఏసీ గాలి అంతంతమాత్రం! నిరుడే గ్యాస్ నింపించాడు. కారు కింద నీటి చుక్కలు చూసి ‘లీకు ఇదే’ అనుకున్నాడు.

బోధన్‌లో, 2015లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ దారిలోని షెడ్డుకు వెళితే మెకానిక్ నవ్వాడు. ‘అవి ఉత్త నీళ్లన్నా. గాలిలున్న తేమ లోపలి సల్లటి కాయిల్‌కు తగిలి కారుతది.’

‘అయితే గ్యాస్ కొట్టు తమ్మీ, పోతా’ అన్నాడు రైతు.

మెకానిక్ ఒప్పుకోలేదు. పెట్రోలులా ఖర్చయ్యేది కాదది. అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఏడాదికే తగ్గిందంటే కన్నం ఉన్నట్టే. పైగా, కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఎ గాల్లో కలిస్తే, బొగ్గుపులుసు వాయువుకంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

మిగిలిన గ్యాస్‌ను యంత్రంలోకి లాగి, పైపుల్లో నైట్రోజన్ నింపి, జాయింట్లకు సబ్బునీళ్లు పూశాడు. బుడగల్లేవు. రేడియేటర్ ముందుండే కండెన్సర్ మూలన మాత్రం జిడ్డు, దానిమీద దుమ్ము. గ్యాస్‌తోపాటు తిరిగే నూనె అది. అక్కడ పూయగానే బుడగలు! రోడ్డుమీది కంకర తగిలి ఉంటుంది.

కొత్త కండెన్సర్ బిగించి, గాలంతా లాగేసి అరగంట చూశాడు. మీటరు ముల్లు కదల్లేదు. తర్వాతే తూకం ప్రకారం గ్యాస్ నింపాడు.

నిజామాబాద్ దారిలో తల్లి అంది: ‘జర తగ్గియ్యి బిడ్డా, సలికి కాళ్లు గుంజుతున్నయి.’