స్వేచ్ఛ తెచ్చిన సూపు

జనవరి ఒకటి అనగానే మనకి కేకులూ రంగురంగుల ముగ్గులూ గుర్తొస్తాయి. హైతీ వాసులకు మాత్రం పొయ్యి మీద కుతకుతలాడే గుమ్మడికాయ సూపే కొత్త సంవత్సరం! రెండు శతాబ్దాలకు పైగా అమ్మమ్మ నుంచి అమ్మకీ, అమ్మ నుంచి పిల్లలకీ అందుతున్న ఆ వంటకం పేరు ‘సూప్‌ జుమూ’. దాని వెనక ఓ జాతి విముక్తి కథే ఉంది.

కరీబియన్‌ సముద్రంలో హిస్పానియోలా అనే పెద్ద దీవి ఉంది. దాని పడమటి భాగమే హైతీ. తూర్పున ఉన్నది డొమినికన్‌ రిపబ్లిక్‌. ‘హైతీ’ అంటే అక్కడి ఆదివాసులైన టైనోల భాషలో కొండల నేల అని అర్థం. పేరుకు తగ్గట్టే ఎటు చూసినా కొండలే. ఆ కొండల మీదా మైదానాల్లోనూ పండే ఓ రకం గుమ్మడికాయ ‘జిరోమాన్‌’. యూరప్‌ వాళ్లు రాకముందు నుంచీ అక్కడి ఆదివాసులు పండించుకున్న పంట అది. స్థానిక క్రియోల్‌ భాషలో దాన్నే ‘జుమూ’ అంటారు.

వండేది వాళ్లు... తినేది వీళ్లు!

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ప్రాంతం ఫ్రాన్స్‌ వలస రాజ్యం. అప్పటి పేరు సెయింట్‌ డొమింగ్‌. చెరకు, కాఫీ తోటలతో ఫ్రాన్స్‌కి కాసులు కురిపించిన నేల. ఆ తోటల్లో చాకిరీ చేసిందంతా ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలే. 1789 నాటికి వాళ్ల సంఖ్య దాదాపు ఐదు లక్షలు.

దొరల ఇళ్లలో గుమ్మడికాయ సూపు గొప్పవాళ్ల వంటకం. కాయ పండించేది బానిసలు, కోసేది బానిసలు, సూపు కాచేదీ బానిసలే. కానీ దాన్ని రుచి చూసే హక్కు మాత్రం వాళ్లకు లేదన్నది తరతరాలుగా హైతీ కుటుంబాలు చెప్పుకునే మాట.

1791 ఆగస్టులో బానిసలు తిరగబడ్డారు. పన్నెండేళ్లకు పైగా పోరు సాగింది. తిరుగుబాటును నడిపించిన టూసాన్‌ లూవెర్చూర్‌ని ఫ్రాన్స్‌కి పట్టుకెళ్లి కోటలో బంధించారు. 1803 ఏప్రిల్‌లో ఆయన అక్కడే కన్నుమూశాడు. అయినా పోరు ఆగలేదు. అదే ఏడాది నవంబరులో వెర్టియేర్‌ దగ్గర నెపోలియన్‌ సేన ఓడిపోయింది. 1804 జనవరి 1న గొనాయివ్‌ పట్టణంలో జాక్‌ డెసలీన్‌ స్వాతంత్య్రం ప్రకటించాడు. బానిసలు తిరగబడి, గెలిచి, తమకంటూ దేశాన్ని నిర్మించుకోవడం చరిత్రలో అదే మొదటిసారి.

ఆ రోజున అందరూ ఏం తినాలి? ఇన్నాళ్లూ ఏది తినకూడదన్నారో అదే! డెసలీన్‌ భార్య మరీ క్లేర్‌ ఆ సూపు కాయించి అందరికీ పంచిపెట్టిందని చెబుతారు. అప్పటినుంచీ జనవరి ఒకటిన సూపు తాగని ఇల్లు హైతీలో అరుదు.

ఇల్లంతా వంటవాళ్లే

పండగ సందడి డిసెంబరు 31 నుంచే మొదలవుతుంది. వెల్లుల్లి, ఉల్లికాడలు, పార్స్‌లీ, థైమ్‌ ఆకులు, మిరపకాయలు కలిపి నూరిన ముద్దని అక్కడ ‘ఎపీస్‌’ అంటారు. మన ఇళ్లలో అల్లం వెల్లుల్లి ముద్ద ఎలాగో వాళ్లకది అలాగ. నిమ్మరసంతో కడిగిన మాంసానికి దీన్ని పట్టించి రాత్రంతా నాననిస్తారు. మాంసం తినని వాళ్లు కూరగాయలతోనే చేసుకుంటారు.

గుమ్మడికాయ ముక్కల్ని మెత్తగా ఉడికించి మెదిపితే చిక్కని పసుపుపచ్చని రసం తయారవుతుంది. అందులో క్యారెట్‌, బంగాళాదుంప, క్యాబేజీ, టర్నిప్‌, సెలరీ ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. రెండు లవంగాలూ పడతాయి. తర్వాత గుప్పెడు మకరోనీయో సేమ్యానో. అసలు నేర్పంతా మిరపకాయ దగ్గరే ఉంది. అక్కడి ‘పిమాన్‌ బుక్‌’ మిరప కారంలో మన గుంటూరు మిరపని ఎప్పుడో దాటేసింది! దాన్ని కోయకుండా కాయపళంగా వేస్తారు. ఉడుకుతుంటే సువాసన దిగుతుంది, కారం దిగదు. పొరపాటున గరిటె తగిలి కాయ పగిలిందో... ఇంటిల్లిపాదికీ కళ్లనీళ్లే. చివర్లో నిమ్మకాయ పిండి దించేస్తారు.

వంట పెత్తనం ఇంటి ఆడవాళ్లది. కూరలు కడగడం, తొక్క తీయడం పిల్లల వంతు. పని చేస్తూ చేస్తూనే వాళ్లు వంటా నేర్చుకుంటారు, కథా వింటారు. సూపు సిద్ధం కాగానే ఇరుగుపొరుగుకి గిన్నెలు వెళ్తాయి. వాళ్లింటి సూపు వీళ్లింటికొస్తుంది. ఎవరింటి రుచి వాళ్లదే. మామూలు రోజుల్లోనూ చాలా ఇళ్లలో ఆదివారం ఉదయం ఫలహారం ఇదే.

కష్టాల్లోనూ పొయ్యి ఆరలేదు

గెలిచిన హైతీకి సుఖం మిగల్లేదు. పోయిన ఆస్తులకి పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలని 1825లో ఫ్రాన్స్‌ యుద్ధనౌకలతో వచ్చి ఒప్పించింది. ఆ ఆస్తుల లెక్కలో ఒకప్పటి బానిసలూ ఉన్నారు! అంటే తమ స్వేచ్ఛకి తామే ధర చెల్లించారన్నమాట. తర్వాత ఆ మొత్తాన్ని తగ్గించినా, దానికోసం చేసిన అప్పులు తరాలపాటు వెంటాడాయి.

ఇటీవలి చరిత్రా అంతే. 2010 జనవరి 12న వచ్చిన భూకంపం రాజధాని పోర్ట్‌ ఔ ప్రిన్స్‌ని నేలమట్టం చేసింది. 2021 జులైలో దేశాధ్యక్షుడు హత్యకు గురయ్యాడు. ఆగస్టులో మరో భూకంపం. అదే ఏడాది డిసెంబరులో ఒక మంచి కబురు వచ్చింది. సూప్‌ జుమూని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో యునెస్కో చేర్చింది. ఆ జాబితాలో హైతీకి దక్కిన మొదటి చోటు అది.

ఉత్తరాన మిలో దగ్గర కొండ కొమ్మున సిటడెల్‌ అనే మహాకోట ఉంది. ఫ్రెంచివాళ్లు మళ్లీ వస్తారన్న భయంతో స్వాతంత్య్రం వచ్చాక కట్టుకున్న ఆ కోటకి 1982లోనే ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. రాళ్లతో కట్టిన ఆ కోటకు దక్కిన గౌరవం కూరగాయలతో కాచిన సూపుకీ దక్కడమే విశేషం.

సంబరం ఎంతోకాలం నిలవలేదు. సాయుధ ముఠాల దాడులతో 2025 నాటికి పది లక్షల మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలిపెట్టాల్సి వచ్చింది. రాజధానికి కూరగాయలు పంపే చల్లని కొండ ప్రాంతం కెన్‌స్కాఫ్‌ మీదా ఆ ఏడాది ముఠాలు విరుచుకుపడ్డాయి. క్యారెట్లూ క్యాబేజీలూ పండించే రైతులే పొలాలు వదిలి పారిపోతే సూపుకి కూరలెక్కడివి?

అయినా జనవరి ఒకటిన హైతీ వాళ్లున్న చోటల్లా సూపు కాగుతుంది. మయామీలోని లిటిల్‌ హైతీలో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, కెనడాలోని మాంట్రియల్‌లో... జిరోమాన్‌ దొరక్కపోతే అక్కడి సంతలో దొరికే మరో గుమ్మడికాయతోనే సరిపెట్టుకుంటారు. కాయ మారినా కథ మారదు. పుట్టిన నేలని ఒక్కసారీ చూడని పిల్లలకి కూడా గిన్నె చేతికిస్తూ పెద్దవాళ్లు చెప్పేది అదే... ఒకప్పుడు మనవాళ్లు దీన్ని వండారే గానీ తినలేదు, ఇప్పుడు నువ్వు కడుపునిండా తిను అని!