బోల్టులన్నీ హార్లిక్స్‌ సీసాల్లో...

ఒకప్పుడు మన రోడ్లమీద కనిపించే కార్లంటే ప్రధానంగా మూడే. పెద్దమనిషిలాంటి అంబాసిడర్‌, ఒద్దికైన ఫియట్‌, కాస్త సోగ్గా ఉండే స్టాండర్డ్‌ హెరాల్డ్‌. మొదటి రెండూ ఈతరం పిల్లలకి పాత సినిమాల్లోనైనా తెలుసు. మూడోదాన్ని చూపిస్తే తెల్లమొహం వేస్తారు. బ్రిటన్‌లో ట్రయంఫ్‌ కంపెనీ 1959లో తెచ్చిన కారది. రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. మన దగ్గర 1961 నుంచి పదేళ్లపాటు మద్రాసులో తయారైంది. దాని ఛాసిస్‌నే పొట్టిచేసి 1962లో స్పిట్‌ఫైర్‌ అనే అసలు సిసలు స్పోర్ట్స్‌ కారు చేశారు. అందుకే రెండు తలుపుల మా హెరాల్డ్‌ని నాన్న ఇప్పటికీ 'స్పోర్ట్స్‌ కారు' అనే అంటారు. ఇంజిను 948 సీసీయే. గట్టు ఎక్కాలంటే మేం దిగి నడవాల్సి వచ్చేది. అయినా సరే!

తెనాలిలో మా పెరట్లో, రేకుల షెడ్డు కింద ఆ కారు ఇరవై ఏళ్లుగా కదల్లేదు. నాన్న 1988లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. సూర్యలంక బీచికైనా, పెళ్లిళ్లకైనా అందులోనే వెళ్లేవాళ్లం. 2004లో బ్రేకులు చెడి, విడిభాగాలు దొరక్క ఆగిపోయింది. ఇప్పుడేమో తమ్ముడు ఆ స్థలంలో గది కట్టాలంటాడు. మరదలు చెప్పే ట్యూషన్లకి వరండా చాలడంలేదు. వాడు అడిగిందీ న్యాయమే. పాత ఇనుము కొనేవాడొచ్చి బరువు లెక్కన రేటు చెప్పి వెళ్లాడు. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం అన్నం మధ్యలో లేచిపోయారు.

సంక్రాంతికి అందరం చేరినప్పుడు ఒప్పందం కుదిరింది. ముందు విప్పి చూడాలి. ఛాసిస్‌ గట్టిగా ఉంటే ఉంచుకోవడం, తుప్పుపట్టి పోయుంటే తూకానికి వేసేయడం.

విప్పడానికి ఇంత అనువైన కారు ఇంకోటి ఉండదేమో. ఆ రోజుల్లో ట్రయంఫ్‌ వాళ్లకి బాడీ మొత్తాన్ని ఒకేచోట చేసిచ్చేవాళ్లు దొరకలేదట. దాంతో ముక్కలుముక్కలుగా తలోచోటా చేయించి, ఛాసిస్‌ మీద పెట్టి బోల్టులు బిగించారు. వాళ్ల ఇబ్బంది మాకు వరమైంది. బానెట్‌ సంగతే చూడండి... మడ్‌గార్డులు, లైట్లతో సహా ముందరి భాగమంతా ఒక్కసారిగా లేస్తుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజిను పని చేసుకోవచ్చు!

భోగి రోజు బానెట్‌ని నలుగురం పట్టి దింపాం. తర్వాతే చిక్కొచ్చింది. సాయానికొచ్చిన మెకానిక్‌ భాయ్‌ దగ్గరున్నవన్నీ మిల్లీమీటర్ల పానాలు. ఈ కారువి అంగుళాల బోల్టులు. 13 నంబరు పానా అర అంగుళం బోల్టుకి పట్టినట్టే పట్టి జారిపోతోంది, మూలలు అరిగిపోతున్నాయి. అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్న నాన్న లేచి లోపలికెళ్లారు. కొబ్బరినూనె రాసి, గుడ్డలో చుట్టి దాచిన అంగుళాల పానాల మూట తెచ్చారు. ఇరవై ఏళ్లు! వాటిని అలా ఎందుకు దాచారని మేమెవరం అడగలేదు. ఆ తర్వాత ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది.

కదలని బోల్టులకి రాత్రే డీజిలు పోసి వదిలాం. వైర్లకి చీటీలు కట్టాం. అమ్మ అటకమీంచి హార్లిక్స్‌ సీసాలు దింపి, 'ఎడమ తలుపు', 'డిక్కీ', 'సీటు కింద' అని ముగ్గులంత అందమైన అక్షరాలతో రాసి అంటించింది. సీటు కింద ఎలుకల కాపురం, పది పైసల బిళ్ల, తమ్ముడు చిన్నప్పుడు పోగొట్టుకుని నామీద నేరం మోపిన గాజుగోళీ దొరికాయి. తీర్పు నాకు అనుకూలంగా రావడానికి పాతికేళ్లు పట్టిందన్నమాట.

"విప్పేవాళ్లు బోలెడుమంది సార్‌, మళ్లీ బిగించేవాళ్లే ఉండరు" అన్నాడు భాయ్‌, టీ తాగుతూ. నాన్న చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగింది.

కనుమ రోజు బావ, మావయ్య కొడుకులు, తమ్ముడి క్రికెట్‌ స్నేహితులు కలిసి ఎనిమిదిమంది బాడీని రెండు భాగాలుగా ఎత్తి పక్కన పెట్టారు. ఛాసిస్‌ ఒక్కటే మిగిలింది. ఎవరూ మాట్లాడటంలేదు. భాయ్‌ చిన్న సుత్తి తీసుకుని మొదలుపెట్టాడు. టంగ్‌... టంగ్‌... మంచి ఇనుము గంటలా పలుకుతుంది. పక్కలకి చేతుల్లా చాచిన కమ్ముల దగ్గరికి వచ్చేసరికి ఎడమవైపు 'డబ్‌'మంది. స్క్రూడ్రైవరు పొడిస్తే లోపలికి దిగిపోయింది. తమ్ముడు నావైపు చూశాడు. నేను నాన్న వైపు చూశాను. భాయ్‌ మాత్రం ఆగకుండా రెండు పొడుగు దూలాలూ చివరిదాకా కొట్టుకుంటూ వెళ్లాడు. అన్నీ టంగే!

"ఈ రెండు కమ్ములూ రేకుతో చేసి వెల్డింగ్‌ పెట్టేస్తా. మిగతాదంతా ఉక్కే" అన్నాడు. సుత్తి కోసం అందరికంటే ముందు చెయ్యి చాచింది తమ్ముడే. వాడూ ఓసారి కొట్టి విన్నాడు.

ఉగాదికి గది పునాది పడింది. ఛాసిస్‌ భాయ్‌ షెడ్డుకి వెళ్లింది. బాడీ, ఇంజిను మావయ్య మిల్లు గోడౌన్లో ఉన్నాయి. ముప్ఫైఒక్క సీసాలు మాత్రం నాన్న మంచం కిందే ఉన్నాయి. ట్యూషన్‌ పిల్లలు వేలు పెట్టి చూపిస్తే చాలు, ఏ సీసాలో ఏ బోల్టుందో చీటీ చూడకుండానే చెప్పేస్తున్నారట.