బాబాయి గిటారూ, నా ఎర్ర లేబులూ

"రెడ్ లేబుల్ కొన్నాను" అని ఫోన్లో చెబితే మా అమ్మ "ఎన్ని పాకెట్లు?" అంది. ఓ మిత్రుడైతే "ఫుల్లా, హాఫా?" అన్నాడు. టీ పొడీ కాదు, సీసా కూడా కాదు, గిటారు మహాప్రభో అని ఇద్దరికీ విడివిడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. "గిటారా! ఈ వయసులోనా!" అనే మాట మాత్రం ఇద్దరూ ఒక్కలాగే అన్నారు.

ఈ వయసంటే మరీ ముసలితనమేం కాదులెండి, ముప్ఫై ఆరు. చేసేది ఫ్రీలాన్స్ జర్నలిజం. అంటే, రాసినదానికి డబ్బు ఎప్పుడొస్తుందో రాసినవాడికే తెలియని వృత్తి. అలాంటివాడు నాలుగు నెలల రాతకూలి పోసి ఓ కర్రపెట్టె కొన్నాడంటే దాని వెనక ఏదో ఫ్లాష్‌బ్యాక్ వుండే వుంటుందని సినిమాలు చూసే మీకు నేను చెప్పక్కర్లేదు. వుంది.

మా బాబాయిది తెనాలి. ఆ ఊళ్ళో రాయి వేస్తే కళాకారుడి మీద పడుతుందంటారు. మా బాబాయి మీద కూడా ఓ చిన్న గులకరాయి పడే వుంటుంది. పెళ్ళిళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో పాడే ఓ ఆర్కెస్ట్రాలో ఆయన రిథమ్ గిటారు వాయించేవాడు. గిటారు కలకత్తాలో తయారైనది. ప్లైవుడ్డు పెట్టె, నల్ల రంగు అంచు, పసుపూ గోధుమా కలిసిన వార్నీషు. బిరడాల్లో ఒకటి విరిగితే దాని స్థానంలో ఓ సైకిల్ నట్టు బిగించాడు. పిక్కు కొనేవాడు కాదు. ప్లాస్టిక్ మూతల్ని త్రికోణంగా కత్తిరించి, సిమెంటు గచ్చు మీద అరగదీసి, జేబులో నాలుగైదు పోసుకునేవాడు. చిల్లర అనుకుని మా పిన్ని వాటిని పాలవాడికి ఇవ్వబోయిన సందర్భాలు కూడా వున్నాయి!

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయన అరుగు మీద కూర్చుని చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "ఒరే అబ్బాయ్, రిథమ్ గిటారంటే తబలాకి తోడల్లుడురా. ఇద్దరూ ఒకే ఇంట్లో వుండాలి. ఇద్దరిలో ఎవడు గొంతు పెంచినా అత్తారింట్లో పరువు పోతుంది."

సినిమా పాటల్లో గిటారు చేసే పని గురించి ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళని నేను ఇప్పటిదాకా చూడలేదు. తెర మీద గిటారు వేరు. అక్కడ హీరో ఎడంచేయి ఒకే మెట్టు మీద మేకు కొట్టినట్టు వుండిపోతుంది, కుడిచేయి మాత్రం దోమల్ని తోలుతూ వుంటుంది. సౌండ్‌ట్రాక్‌లో ఏమో వేళ్ళు నాలుగు మెట్లు ఎక్కి ఆరు మెట్లు దిగుతుంటాయి. 1979లో వచ్చిన 'అందమైన అనుభవం' చూసి ఊరూరా కుర్రాళ్ళు గిటారు భుజాన వేసుకుని ఫొటోలు దిగారని బాబాయి నవ్వుతూ చెప్పేవాడు. వాళ్ళలో చాలామందికి గిటారు ఇచ్చింది తనే. ఫొటోకి అర్ధరూపాయి అద్దె!

తెర వెనక గిటారు కథ అలా కాదు. ఇళయరాజా 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడు కాకముందు మద్రాసు ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించినవాడే. జి.కె.వెంకటేష్ దగ్గర సహాయకుడిగా చేశాడు. ఆయన పాటల్లో గిటారుకి అంత గౌరవం దక్కడంలో వింతేముంది? వంటవాడు పెళ్ళికొడుకైతే విందు ఎలా వుంటుందో అలా వుంటుంది. 1982 నాటి తమిళ చిత్రం 'పయణంగళ్ ముడివదిల్లై'లో వెన్నెల పాట ఒకటుంది. అందులో గిటారు తీసేస్తే ఆకాశంలో చందమామని తీసేసినట్టే. ఆ బాణీ మరుసటి ఏడాదే 'కలాకార్'గా హిందీకి కూడా నడిచి వెళ్ళింది.

ఆ రోజుల్లోనే, 1981లో, మా బాబాయి మద్రాసు వెళ్ళాడు. మూడు నెలలు కోడంబాకంలో ఓ గదిలో మరో ఐదుగురితో కలిసి వున్నాడు. ఒకే ఒక్కసారి పిలుపొచ్చింది. ఏ పాటకో, ఏ థియేటర్లోనో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్లో వయొలిన్లూ తబలాలూ ఫ్లూటూ గాయకులూ అందరూ ఒకేసారి కూర్చుని రికార్డు చేయాలి. ఒకడు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి రావాలి. మూడో టేకులో మైకుకి ఏదో జుమ్మనే శబ్దం దొరికింది. వెతికితే అది బాబాయి గిటారు. సైకిల్ నట్టు! "మీరు బయట కూర్చోండి" అన్నారట. ఆయన బయట కూర్చోలేదు. రాత్రి రైలెక్కి తెనాలి వచ్చేశాడు.

ఆ గిటారు నాకు వచ్చింది. డిగ్రీలో చేరినప్పుడు బాబాయి స్వయంగా తెచ్చి హాస్టల్ గదిలో నా మంచం పైన గోడకి మేకు కొట్టి తగిలించి వెళ్ళాడు. "రోజూ పదినిమిషాలు. ఎక్కువొద్దు" అన్నాడు.

2008లో దాన్ని ఏడొందలకి అమ్మేశాను. కెమెరా వున్న ఫోను కొనాలని. గిటారు పైపలక బ్రిడ్జి దగ్గర ఉబ్బిపోయింది, తీగలు నెక్కుకి అంగుళం ఎత్తున వుండి వేళ్ళు కోసుకుపోయేవి. "ఎలాగూ పాడైపోయిందిగా" అని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాతి నెల బాబాయి వచ్చాడు. గోడ మీద మేకు వుంది. దాన్ని కాసేపు చూసి, "భోజనం ఎలా వుంటోందిరా మెస్సులో?" అని అడిగాడు. అంతే. ఆ తర్వాత పదిహేనేళ్ళలో మా ఇద్దరి మధ్య గిటారు అన్న మాట దొర్లలేదు.

2022 జూలైలో భూపిందర్ సింగ్ పోయారు. గజల్ గాయకుడిగా ఆయన్ని ఎరిగినవాళ్ళు చాలామందే. కానీ ఆర్.డి.బర్మన్ పాటల్లో గిటారు వాయించిన వేళ్ళు కూడా ఆయనవేనని తెలిసినవాళ్ళు తక్కువ. నివాళి వ్యాసం రాయమని ఓ పత్రిక అడిగింది. ఆ రాత్రి 'యాదోం కీ బారాత్' (1973) పాట హెడ్‌ఫోనులో పెట్టుకున్నాను. గ్లాసు మీద చెంచా తట్టిన చప్పుడు, వెంటనే గిటారు... ఆ బాణీనే 1975లో 'అన్నదమ్ముల అనుబంధం' ద్వారా చక్రవర్తి మనకి వినిపించారు, మీకు గుర్తుండే వుంటుంది. వందసార్లు విన్న పాటే. కానీ ఆ రాత్రి నాకు వినిపించింది బొంబాయి స్టూడియో కాదండీ, తెనాలి అరుగు. అదే పొడి శబ్దం. వ్యాసం ఆలస్యమైంది, ఎడిటరుగారు కోప్పడ్డారు. ఆ శబ్దం మాత్రం చెవిలోంచి పోలేదు.

అప్పట్నుంచీ గిటార్ల దుకాణాలు తిరగడం మొదలెట్టాను. హైదరాబాదులో కనిపించిన ప్రతి దుకాణంలోకీ వెళ్ళి, కొనేవాడిలా ముఖం పెట్టి, వాయించి, బయటికొచ్చేసేవాణ్ణి. కొత్త గిటార్లకి లోపం చెప్పలేం. అద్దంలా మెరుస్తాయి. తీగ మీటితే కొత్త ఇత్తడి బిందె మీద గరిటె వేసినట్టు ఖంగున మోగి, ఆ మోత తగ్గడానికి అరనిమిషం పడుతుంది. ఒంటరిగా వింటే అద్భుతం. ఒక కార్డు మోత ఆరకముందే ఇంకోటి వేస్తే మాత్రం రెండూ కలిసి సంతలో కేకలైపోతాయి.

చివరికి ఓ దుకాణంలో, మూలగా, మెరుపు లేని ఒకటి కనిపించింది. లోపల ఎర్ర లేబులు. యమహా ఎఫ్.జి.3.

దీని పూర్వీకురాలి పేరు ఎఫ్.జి.180. 1966లో జపాన్‌లో పుట్టింది. యమహా కంపెనీని అప్పట్లో నిప్పన్ గక్కి అనేవారు. ఎఫ్.జి. అంటే ఫోక్ గిటార్. గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే లోపల ఎర్ర కాగితం అంటించి వుండేది, అంచేత రెడ్ లేబుల్. అదీ మా బాబాయి గిటారులాంటి ప్లైవుడ్డు పెట్టెదే సుమండీ! అయినా దాని చెల్లెలు ఎఫ్.జి.150 ఏకంగా 1969 వుడ్‌స్టాక్ వేదికెక్కింది. కంట్రీ జో మెక్‌డొనాల్డ్ అనే గాయకుణ్ణి ఉన్నపళంగా స్టేజీ ఎక్కమంటే చేతిలో గిటారు లేదు. ఎవరిదో ఒకటి పట్టుకొచ్చారు. భుజాన వేసుకోవడానికి పట్టీ లేకపోతే తాడు కట్టారు. ఆ తాడు కట్టిన గిటారుతోనే కొన్ని లక్షలమందిని పాడించాడు. మా బాబాయి సైకిల్ నట్టుకి ఆ తాడు దూరపు చుట్టమని నాకో అనుమానం.

ఆ పాత గిటార్ల పోకడలోనే 2019లో ఎఫ్.జి.3ని తెచ్చారు. పైపలక సిట్కా స్ప్రూస్, వెనకా పక్కలా మహాగని, అన్నీ ప్లైవుడ్డు కాకుండా అసలు కర్రే. పైపలకకి మాత్రం ఓ చికిత్స వుంది. వేడీ తేమా పీడనమూ అదుపులో పెట్టి కర్రని ఆరబెడతారు. మామూలుగా గిటారు కర్ర ఏళ్ళ తరబడి వాయిస్తూ వుంటే లోపలి తడీ జిగురూ ఆరి, తేలికై, గట్టిపడి, గొంతు విచ్చుకుంటుంది. ఆ పనిని ముందే చేసి పెట్టడమన్నమాట. ఆవకాయకి మూడు వారాలు ఊరే ఓపిక లేనివాడు ఎండలో పెట్టినట్టు. ఇది మోసం కాదా అంటే, కొంత మోసమే. కానీ నోట్లో పెట్టుకున్నాక రుచి వుంటే ఊరుకుంటాం కదా!

స్టూలు మీద కూర్చుని ఒడిలో పెట్టుకున్నాను. ముందు ముక్కు రంధ్రం దగ్గర పెట్టి వాసన చూశాను (గిటారు కొనేవాళ్ళు సిగ్గుపడకుండా చేయవలసిన పని ఇది). పాత బీరువా తలుపు తీసినట్టుంది. నెక్కు కాస్త బొద్దుగా, అరచేతిలో నిండుగా కూర్చుంది. ఏ మైనర్ పట్టి ఒక్కసారి మీటాను.

సాగలేదు. వేయించిన పల్లీ పంటికింద పటుక్కుమన్నట్టు వచ్చి, ఆగి, పక్కకి తప్పుకుంది. ఆరు తీగలూ ఆరుగురిలా వినిపించాయి గానీ గుంపులా వినిపించలేదు. కింది తీగ గుండెకి ఆనుకున్న కర్రలోంచి పక్కటెముకల్లోకి దిగింది. గట్టిగా కొడితే ఒప్పుకోదు, మెల్లగా అడిగితే అన్నీ చెబుతుంది. అరచేయి తీగల మీద ఆనించి "చక్... చక్" అని రెండు దెబ్బలు వేశాను. తబలా తోడల్లుడు!

దుకాణం కుర్రాడు "సార్, ఇంతకంటే లౌడుగా వుండేవి చాలా వున్నాయి" అన్నాడు పాపం.

ఇక్కడ ఓ నిజం ఒప్పుకోవాలి. ఇది బాబాయి గిటారు శబ్దం కాదు. పక్కపక్కన పెట్టి వింటే దానికీ దీనికీ పోలికే వుండదు. అది ఉబ్బిన ప్లైవుడ్డు, తుప్పు తీగలు. దాని పొడిదనం పేదరికం వల్ల వచ్చింది, దీని పొడిదనం బోలెడు డబ్బు పోస్తే వచ్చింది. అయినా నా వేళ్ళకి ఆ తేడా తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మర్నాడే తెనాలి బస్సెక్కాను. గిటారుకి కూడా సీటు తీసుకోమన్నాడు కండక్టరు. తీసుకున్నాను.

బాబాయికి ఇప్పుడు డెబ్భై. ఎడంచేతి రెండు వేళ్ళు సరిగ్గా వంగవు. కేసు చూసి ఏమీ అనలేదు. నేనే మూత తీశాను. చాలాసేపు తాకలేదు. తర్వాత వంగి రంధ్రంలోకి చూసి, "జపానుదా?" అన్నాడు.

"చైనాలో చేశారు బాబాయ్. కంపెనీ జపానుది."

"ఎంతయింది?"

సగం చెప్పాను. ఆయన ముఖం చూస్తే మిగతా సగం ఆయనకి తెలిసిపోయినట్టే వుంది.

ఇక ఆగలేక అనేశాను. "బాబాయ్, అప్పుడు నీ గిటారు..."

"అమ్మినందుకు బాధ లేదురా" అన్నాడు, తల ఎత్తకుండానే. "మద్రాసు నుంచి వచ్చిన రాత్రి నేనే దాన్ని రేపల్లె కాలువలో పారేద్దామనుకున్నా. చేతులు రాలేదు. నువ్వు నాకు ఒక్కమాట చెప్పి అమ్మితే బస్టాండు దాకా నేనే మోసుకొచ్చేవాణ్ణి."

నా దగ్గర జవాబు లేదు. ఆయనకీ జవాబు అక్కర్లేనట్టుంది. గిటారు ఒళ్ళోకి తీసుకుని మొదట శ్రుతి చేశాడు. నేను హైదరాబాదులో మీటరు పెట్టి సరిచేసిందే! బిరడాలు వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పాట ఏదీ వాయించలేదు. వేళ్ళు వంగవు కాబట్టి రెండు వేళ్ళతో పట్టుకునే ఇ మైనర్ ఒక్కటే పట్టి, అరచేయి ఆనించి రిథమ్ మొదలెట్టాడు. చక్... చక్... ఒక్కటే కార్డు, పావుగంట. లోపల టీవీలో సీరియల్ నడుస్తోంది. మా పిన్ని దాని సౌండు తగ్గించింది. మామూలుగా ఆమె ఆ సమయంలో ఎవరొచ్చినా తగ్గించదు.

"జుమ్మనటం లేదురా" అన్నాడు ఆపి. మళ్ళీ మొదలెట్టాడు.

సాయంత్రం నేను బయల్దేరుతుంటే కేసు మూత మూసి గోడవారగా పెట్టాడు, నాకు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. తిరుగు బస్సులో ఒక్క సీటే తీసుకున్నాను.

రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది.

"ఒరే, మూడో తీగ గంటకోసారి దిగుతోంది. కొనేటప్పుడు చూసుకున్నావా, లేదా?"