పని హైదరాబాద్‌కి, నిర్ణయం డల్లాస్‌కి

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఏర్పాటు ఇది. క్లయింట్ దగ్గర ఇక్కడ ఒకరిద్దరు ఉంటారు, పని చేసే జట్టు హైదరాబాద్‌లో ఉంటుంది. ఇక్కడ ఉన్నవాళ్లు ఆన్‌సైట్, అక్కడ ఉన్నవాళ్లు ఆఫ్‌షోర్. కాగితం మీద చూస్తే రోజును రెట్టింపు చేసే పద్ధతి ఇది: డల్లాస్‌లో సాయంత్రం అప్పగించిన పని తెల్లారేసరికి పూర్తయి కనిపించాలి. ఆన్‌సైట్ లీడ్ జీవితంలో జరిగేది మాత్రం వేరు. పగలంతా క్లయింట్ మీటింగులు, రాత్రి భోజనం కాగానే ఆఫ్‌షోర్ కాల్స్. పని పంచుకున్నాక తగ్గాల్సిన రోజు ఇంకా పొడుగవుతుంది. ఎవరిని అడిగినా టైమ్ జోన్‌ని తిడతారు. నాకు మాత్రం తప్పు గడియారంలో ఉన్నట్టు తోచదు. మనం పని పంపిస్తున్నాం, ఆ పనికి కావలసిన నిర్ణయాలను మాత్రం మన దగ్గరే అట్టిపెట్టుకుంటున్నాం. వంటమనిషికి వంట అప్పగించి సరుకుల గది తాళం కొంగున ముడేసుకుంటే, ఉప్పు కావలసినప్పుడల్లా పిలుపు రాక మానదు.

లెక్క వేసి చూద్దాం. చలికాలంలో డల్లాస్‌కీ హైదరాబాద్‌కీ మధ్య 11 గంటల 30 నిమిషాల తేడా. హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు ఒక డెవలపర్‌కి సందేహం వస్తే, ఇక్కడ ముందురోజు రాత్రి 10:30. లీడ్ పొద్దున 8కి మెయిల్ తెరిచేసరికి అక్కడ రాత్రి 7:30 అవుతుంది. ఆ రోజు పోయినట్టే. ఇంతా చేసి సందేహం పెద్దదేమీ కాదు: ఫారంలో ఒక గడి ఖాళీగా వస్తే ఎర్రర్ చూపించాలా, ముందే అనుకున్న విలువ వేసుకోవాలా అన్నది. ఇద్దరూ ఒకే ఆఫీసులో ఉంటే పక్క సీటు వైపు తిరిగి రెండు నిమిషాల్లో తేల్చుకునేవారు. కాబట్టి లోపం ఒకే ఆఫీసులోనూ ఉంటుంది, కాకపోతే రెండేసి నిమిషాలుగా చెదిరిపోయి కంటికి కనబడదు. దూరం దాన్ని రోజుల్లోకి మార్చి చూపిస్తుంది. అందుకే పని అప్పగించడం గురించి ఏ ఆఫీసైనా నేర్చుకోవలసింది ఆన్‌సైట్–ఆఫ్‌షోర్ ఏర్పాటులో స్పష్టంగా కనిపిస్తుందని నా నమ్మకం.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1974లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో విలియం ఆంకెన్, డోనాల్డ్ వాస్ రాసిన వ్యాసం కిందివాళ్ల సమస్యను కోతితో పోల్చింది. 'చూసి చెబుతాను' అని మేనేజర్ అన్న క్షణంలో ఆ కోతి కిందివాడి వీపు దిగి మేనేజర్ వీపెక్కుతుంది. ఆ తర్వాత కిందివాడు ఖాళీగా ఎదురుచూస్తాడు, మేనేజర్‌కి ఊపిరాడదు. మరుసటి ఏడాది ఫ్రెడ్ బ్రూక్స్, ఐబీఎంలో ఓఎస్/360 తయారుచేయించిన అనుభవంతో రాసిన పుస్తకంలో, ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందన్నాడు. ఐదుగురి మధ్య మాటామంతీకి 10 దారులుంటే, పదిమంది మధ్య 45 ఉంటాయి. ఈ చిక్కు తప్పించుకోవడానికే మనం మాటలన్నీ ఒక్క లీడ్ ద్వారా నడిపిస్తాం. దారులు 9కి తగ్గుతాయి, చార్టు ముచ్చటగా కనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిదీ వెళ్లి చేరేది ఒక్క బుర్రలోకే. అక్కడ క్యూ పెరుగుతుంటే మనం ఆ మనిషికి టైమ్ మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతాం, క్యాలెండర్‌లో రంగులు వేసుకోమంటాం. క్యూలో నిలబడ్డ ప్రశ్నలు ఒక్కటీ తగ్గవు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం తెలిసిందే: 'ఇక్కడ జవాబుదారీ నేను, నిర్ణయం వాళ్లది ఎలా అవుతుంది?' దీనికి అణు జలాంతర్గామి నుంచి జవాబుంది. 1999లో అమెరికా నౌకాదళంలో డేవిడ్ మార్కే 'శాంటా ఫే' అనే జలాంతర్గామికి కెప్టెన్‌గా వెళ్లాడు. అతను ఏడాదిపాటు నేర్చుకున్నది వేరే జలాంతర్గామి గురించి. ఒకరోజు అభ్యాసంలో, ఈ జలాంతర్గామి మోటారుకు అసలు లేని వేగం ఒకటి అడిగాడు. పక్కనున్న అధికారి, అది లేదని తెలిసి కూడా, ఆ ఆజ్ఞను కిందికి పంపాడు. ఎందుకని అడిగితే, మీరు చెప్పారు గనక అన్నాడు. అప్పటినుంచి మార్కే ఆజ్ఞలివ్వడం వీలైనంత తగ్గించాడు. అధికారులే వచ్చి 'నేను ఫలానా పని చేయబోతున్నాను' అని కారణంతో సహా చెప్పాలి. కెప్టెన్ వింటాడు, అవసరమైతే ఆపుతాడు. నౌకకు జరిగే ప్రతిదానికీ చట్టప్రకారం జవాబుదారీ అతనే, అది ఒక్క వీసం కూడా మారలేదు. జవాబుదారీ ఒకరి దగ్గరుండగా నిర్ణయం మరొకరు తీసుకోవడం అణు రియాక్టర్ పక్కన సాధ్యమైతే, బీమా కంపెనీ వెబ్‌సైట్ దగ్గర ఎందుకు సాధ్యం కాదు?

'మనవాళ్లు వేరండీ, అడిగితే గానీ చెయ్యరు, అన్నిటికీ సరే సార్ అంటారు' అన్నది రెండో అభ్యంతరం. శాంటా ఫేలో లేని వేగానికి 'సరే సార్' అన్నది అమెరికన్ అధికారి. ఆ అలవాటు జాతిని బట్టి రాదు, ప్రశ్నించినందుకు ఏం దక్కుతుందన్న దాన్ని బట్టి వస్తుంది. సొంతంగా చేసిన మార్పును రాత్రికి రాత్రి తిరగరాసి, కారణం చెప్పని లీడ్ కింద ఎవరైనా నాలుగు వారాల్లో అడిగి చేసేవారిగా మారిపోతారు. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని 1998లోనే హైదరాబాద్‌లో పెట్టింది. నిర్ణయాలు తీసుకోగల మనుషులు ఆ ఊళ్లో లేరనడం నమ్మశక్యం కాదు. 'నేనే చేస్తే గంటలో అయిపోతుంది' అన్న మాట మాత్రం నిజమే. అప్పగించడానికి మొదటిసారి మూడు గంటలు పట్టవచ్చు. అయితే ఆ పని ప్రతి వారం వచ్చేదైతే నెల తిరిగేసరికి పెట్టిన సమయం వెనక్కి వస్తుంది. ఒక్కసారితో పోయే పనైతే అప్పగించకపోవడమే మేలు.

అసలైన అభ్యంతరాన్ని ఎవరూ పైకి అనరు. అది భయం. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి దక్కకూడదన్న నిబంధన వల్ల భారతీయుల వరుస ఏళ్ల తరబడి కదలదు. ఇలాంటి చోట 'ఈ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు' అన్నది రక్షణగా కనిపించడంలో వింత లేదు. దాన్ని స్వార్థమని నేను అనను. కానీ ఆ రక్షణ ఎంతవరకు? ఉద్యోగాల కోత పై అంతస్తుల్లో బడ్జెట్ చూసి వేసే లెక్క. ఏ మాడ్యూల్ ఎవరి బుర్రలో ఉందో ఆ కాగితంలో ఉండదు. పైగా ఉన్నచోటు నుంచి కదిపితే పని ఆగిపోయే మనిషికి పై మెట్టు ఇవ్వడానికి కంపెనీ కూడా వెనకాడుతుంది.

అన్నీ వదిలేయమని కూడా నేను అనడం లేదు. రోగుల వివరాలపై అమెరికాలో 1996 నాటి హిపా చట్టముంది. క్లయింటు ఒప్పందం హైదరాబాద్ జట్టుకు ప్రొడక్షన్ డేటా చూపవద్దంటే చూపకూడదు. ఎక్కడ గీత గీయాలన్నదానికి అమెజాన్ వాటాదారులకు జెఫ్ బెజోస్ రాసిన 2015 సంవత్సరపు లేఖలోని విభజన పనికొస్తుంది: వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు కొన్ని, తీసుకోగలిగినవి చాలా. డేటాబేస్ చెరిపేయడం మొదటి రకం. ఖాళీ గడి గురించిన సందేహం రెండో రకం, తప్పయితే మర్నాడు దిద్దుకోవచ్చు. రెండో రకాన్ని పేరుపేరునా రాసి, 'ఇవి మీవి, చేశాక చెప్పండి చాలు' అని అక్కడి జట్టుకు ఇచ్చేయాలి. దాంతోపాటు ఆ నిర్ణయానికి కావలసిన సమాచారమూ, క్లయింటుతో నేరుగా మాట్లాడే అవకాశమూ ఇవ్వాలి. అవి లేకుండా ఇచ్చే అధికారం బరువు దించుకోవడమే అవుతుంది.

చివరిగా, ఈ భారాన్ని లీడ్ ఒక్కడి మీదే వేయడం న్యాయం కాదు. గంటల లెక్కన బిల్లు వేసే కంపెనీకి, అర్ధరాత్రి కాల్‌లో కూర్చున్న మనిషి కష్టజీవిగా కనిపిస్తాడు. అతని అవసరం లేకుండా ముగిసిన పనికి రివ్యూలో చోటుండదు. కాబట్టి లీడ్‌ని అంచనా వేసేటప్పుడు ఎన్ని కాల్స్‌లో కూర్చున్నాడని కాక, ఈ మూడు నెలల్లో తనదాకా రావడం మానేసిన ప్రశ్నలు ఏవని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడికే పని అప్పగించడం వచ్చినట్టు.