నాలుగో సంచిక

కొన్ని కథలు మనకు ముప్పాతికే దొరుకుతాయి. మిగిలినది మనమే పూరించుకుంటాం. అదే అసలు ముగింపని ఏళ్ళ తరబడి నమ్ముతాం కూడా.

ఆబిడ్సులో ఆదివారాలు పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల మధ్య నాకొకసారి "జనరేషన్ నెక్స్ట్" కామిక్సు మూడు సంచికలు దొరికాయి. ఉన్నవి మొత్తం నాలుగు. ఆ నాలుగోది ఎన్ని ఆదివారాలు వెతికినా కనబడలేదు.

1995లో మార్వెల్ వారు తమ ఎక్స్-మెన్ పత్రికలను నాలుగు నెలలపాటు పేర్లు మార్చి, "ఏజ్ ఆఫ్ అపోకలిప్స్" అనే ఉమ్మడి కథను నడిపారు. ప్రొఫెసర్ ఎగ్జేవియర్ కొడుకు లీజియన్ గతంలోకి వెళ్ళి, మాగ్నెటోను చంపబోయి పొరపాటున తండ్రినే చంపుతాడు. దానితో చరిత్ర దారి తప్పుతుంది. అపోకలిప్స్ రాజ్యమేలుతుంటాడు. పోయిన మిత్రుడి ఆశయాన్ని తలకెత్తుకుని మాగ్నెటోయే ఎక్స్-మెన్‌ను నడుపుతుంటాడు. "జనరేషన్ ఎక్స్" స్థానంలో వచ్చిన ఈ నాలుగు సంచికలకు రచన స్కాట్ లాబ్‌డెల్, బొమ్మలు క్రిస్ బచాలో.

కొలొసస్, అతని భార్య కిట్టీ కలిసి కొందరు కుర్రవాళ్ళకు యుద్ధవిద్య నేర్పుతుంటారు. కొలొసస్ కఠినుడైన గురువు; మెచ్చుకోలు మాట ఎరుగడు. సియాటిల్‌లోని బానిసల శిబిరంలో అతని చెల్లెలు ఇల్యానా బతికే ఉందని మాగ్నెటో కబురు తెస్తాడు. బిషప్‌ను గతంలోకి పంపి చరిత్రను సరిదిద్దాలంటే ఆ పిల్ల శక్తి కావాలి. గురువులూ శిష్యులూ బయలుదేరుతారు. బచాలో గీసిన ఆ ఇరుకు గళ్ళలో, చీకట్లలో పిల్లల ముఖాలను వెతుక్కుంటూ చదివేవాణ్ణి.

నేను కల్పించుకున్న ముగింపులో అందరూ క్షేమంగా తిరిగివస్తారు. కొలొసస్ మొదటిసారిగా శిష్యుల భుజం తడతాడు. అంతే.

ఈమధ్య సంపుటంగా వచ్చిన పుస్తకంలో నాలుగో సంచిక చదివాను. చెల్లెల్ని ఎత్తుకుని కొలొసస్ బయటపడతాడు. శిష్యులు ఇంకా లోపల పోరాడుతూనే ఉంటారు. అతను తలుపు మూసేస్తాడు.

పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అన్నాచెల్లెళ్ళ అనుబంధమంటే కళ్ళు తుడుచుకునే వాళ్ళం మనం. ఆ వయసులోనే ఇది చదివి ఉంటే, "చెల్లెలి కోసం ఏమైనా చేస్తాడు!" అని పొంగిపోయేవాణ్ణేమో. ఇప్పుడు నా చూపు తలుపుకు అవతలివైపే ఉండిపోయింది. ఆ పిల్లలు కూడా ఎవరికో ఒకరికి తోబుట్టువులే కదా.

లెక్క ప్రకారం చూస్తే అతను చేసినది తప్పు కాదనవచ్చు. ఇల్యానా రాకపోతే లోకమే నిలవదు. కానీ అతను ఆ లెక్క వేసుకుని తలుపు మూయలేదు. అతనికి లోకం అక్కరలేదు, చెల్లెలు చాలు. "ఎక్స్-మెన్ ఒమేగా"లో ఆ చెల్లెలివైపు పరుగు తీస్తూ కట్టుకున్న కిట్టీని కూడా తన చేతులారా పోగొట్టుకుంటాడు. ఇంతా చేసి, వాళ్ళు సరిదిద్దబోయే అసలు లోకంలో ఇల్యానా ఎప్పుడో, 1993 నాటి సంచికలోనే, లెగసీ వైరస్ సోకి కన్నుమూసింది. కొలొసస్‌కు ఆ సంగతి తెలియదు. చదివే మనకు తెలుసు.

ప్రేమ గొప్పదే. కానీ దాని ఖరీదు ఎవరు చెల్లించారన్నది కూడా అడగాలని ఈ బొమ్మల కథ నాకు ఆలస్యంగా నేర్పింది.

ఆ పాత మూడు సంచికలూ ఇంకా నా అలమరలో ఉన్నాయి. మొన్న మళ్ళీ తీసి మూడోదాని చివరి పేజీ దాకా చదివాను. అప్పటికింకా తలుపు తెరిచే ఉంది.