అరిగేదే మంచి రబ్బరు

టైర్ల కంపెనీలో ఆరేళ్లు మిక్సింగ్ పని చేశాక, పెన్సిలు రబ్బర్లు తయారుచేసే చిన్న యూనిట్లో చేరాను. మొదటిరోజే మా మేస్త్రిగారు, "అక్కడ నేర్చుకున్నదానికి ఇక్కడంతా తిరగబడి ఉంటుందయ్యా. టైరు అరగకూడదు, ఇది అరగాలి" అన్నారు. ఆ మాటలోనే మా పనంతా ఉంది.

పెన్సిలు గీతలోని గ్రాఫైటు కాగితం కంటే రబ్బరుకే గట్టిగా అంటుకుంటుంది. రుద్దినకొద్దీ నల్లబడిన పైపొర పొడిగా రాలిపోయి, కొత్త పొర బయటపడాలి. వట్టి రబ్బరు అలా రాలదు. రాలేటట్టు చేసేది ఫ్యాక్టిస్. ఆవ జాతి గింజల నూనెనో ఆముదాన్నో గంధకంతో కలిపి వేడిచేస్తే వచ్చే మెత్తటి ముద్ద అది, వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది.

రెండు రోలర్ల మిల్లు మీద పచ్చి రబ్బరును మెత్తబడేదాకా నలిపి ఫ్యాక్టిస్, సుద్దపొడి, రంగు కలుపుతాం. గంధకం చివర్లోనే వేస్తాం. ముందే వేస్తే మిల్లు వేడికే సరుకు గట్టిపడుతుంది. ఆ తరవాత అచ్చుల్లో పెట్టి, వేడితో ఒత్తిడితో ఉడికిస్తాం. సిరా చెరిపే రబ్బరైతే ప్యూమిస్ రాతిపొడి కూడా పడుతుంది. అది సిరాతోపాటు కాగితం పైపొరనూ గీకేస్తుంది.

ఒకప్పుడు పెన్సిలు గీతల్ని రొట్టెముక్కతో చెరిపేవారు. 1770లో లండన్‌లో ఎడ్వర్డ్ నైర్న్ రబ్బరు ముక్కలు అమ్మాడు. అవి ఎండకు జిగటగా, చలికి బిరుసుగా అయ్యేవి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో ఉడికించే పద్ధతి కనిపెట్టాకే ఆ బాధ తప్పింది.

ఒకసారి నేను తూకం తప్పి ఫ్యాక్టిస్ తక్కువ వేశాను. రబ్బర్లు చూడ్డానికి నిగనిగలాడాయి. నోటుబుక్కులో రుద్దితే పొడి రాలలేదు, గీత నల్లగా పులుముకుంది, ఇంకా రుద్దితే కాగితం చిరిగింది. ఉడికిన రబ్బరు మళ్లీ కరగదు. బ్యాచి మొత్తం పారబోశాం. అప్పటినుంచి ప్రతి తూకమూ రెండుసార్లు చూస్తాను.

ఇప్పుడు బడిపిల్లల చేతుల్లో ఉండే తెల్ల రబ్బర్లు చాలావరకు పీవీసీవి. మెత్తగా ఉండటానికి వాటిలో నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది ప్లాస్టిక్ స్కేలులోకి ఊరి, రెండూ అతుక్కుపోతాయి. అందుకే కాగితం తొడుగు వేస్తారు, దాన్ని తీసేయకండి.

రంగూ వాసనా చూసి రబ్బరు కొనకండి. పాత నోటుబుక్కులో గీత గీసి రుద్ది చూడండి. పొడి నల్లగా రాలి, కాగితం తెల్లగా మిగిలితే అది మంచి రబ్బరు.