ఎడారిలో పచ్చిక

గోల్ఫు ఆటను చూచువారి దృష్టి బంతిని వెన్నంటి పోవును. బంతి దొరలిన పచ్చికపై నిలుచుట అరుదు. ఆ పచ్చిక ఎడారిలో పెరిగినదైనచో దాని వెనుక ఎంతో పరిశ్రమ దాగియుండును.

అమెరికా దేశమున అరిజోనా రాష్ట్రములో స్కాట్స్‌డేల్ అను నగరము కలదు. అది సోనోరా ఎడారిలోనిది. అచట ఏటికి సగటున 10 అంగుళముల వానయైనను కురియదు. స్తంభములవలె నిలిచిన సగువారో జెముడుచెట్లే ఆ నేలకు సహజాలంకారము. అట్టి చోట 1986లో ఒక గోల్ఫు మైదానము వెలసినది. 1932లో ఆరంభమైన ఫీనిక్స్ ఓపెన్ పోటీ 1987 నుండి అచటనే జరుగుచున్నది.

పోటీ జరుగునది శీతకాలమున; దానికి సన్నాహము మొదలగునది శరదృతువున. వేసవిలో ఆ మైదానమును కప్పియుండునది బెర్ముడా గడ్డి. అది తెలుగువారు వినాయకచవితి పూజలో వాడు గరికకు దగ్గరి చుట్టము. మండుటెండకు వెరవని ఆ గడ్డి చలికి మాత్రము ఓర్వలేక, గోధుమవన్నెకు తిరిగి నిద్రించును. అందుచే పనివారు దానిని పొట్టిగా కత్తిరించి, చలికోర్చు రై గడ్డి విత్తనములను పైన చల్లుదురు. మొలకలెత్తువరకు పైమన్ను ఆరరాదు. కావున దినమునకు పలుమార్లు నీరు చిలుకరింతురు. ఆ దినములలో మైదానమున ఆటగాండ్రకు ప్రవేశము లేదు. మరల ఎండలు ముదిరిన పిదప రై గడ్డి నశించి, గరిక మేల్కాంచును.

పోటీదినములలో పనివారు తెల్లవారకముందే దీపముల వెలుగున గడ్డి కోయుదురు. ఇసుకగుంటలను చదును చేయుదురు. బంతి పడవలసిన 4.25 అంగుళముల రంధ్రమును దినమునకొక చోట క్రొత్తగా త్రవ్వుదురు. ఒక్కొక్క రాత్రి పచ్చికపై మంచు పేరుకొని గడ్డకట్టును. అప్పుడు దానిపై అడుగిడినచో పోచలు నలిగి, పిదప అడుగుజాడలు మాడినట్లు కనుపట్టును. కావున వేలకొలది ప్రేక్షకులు వేచియున్నను, ఎంతటి ఆటగాడైనను, సూర్యుడు మంచును కరగించువరకు ఆగవలసినదే.

అయితే, నీటికి కరవైన చోట ఆటకొరకు పచ్చిక పెంచుట తగునా యను ప్రశ్న న్యాయమైనదే. భూగర్భజలములు అడుగంటుచుండుట చూచి అరిజోనా రాష్ట్రము 1980లో వాని వినియోగమునకు కట్టుబాట్లు విధించెను. ఆ రాష్ట్రమునకు కాలువద్వారా నీరిచ్చు కొలరాడో నదిలో కొరత యేర్పడినదని 2021లో అమెరికా ప్రభుత్వము తొలిసారిగా ప్రకటింపవలసివచ్చెను. స్కాట్స్‌డేల్ నగరము మురుగునీటిని శుద్ధిచేసి అనేక గోల్ఫు మైదానములకు పంపుచున్నది. ఎడారి మైదానములను రూపొందించువారు ఆటకు వలసినంత మేరకే గడ్డి పెంచి, తక్కిన నేలను జెముడుచెట్లకే విడుచుచున్నారు.

పచ్చదనమును చూచి ప్రేక్షకులు మురియుదురు. కాని ఎడారిలో తోటమాలి నేర్పును కొలువవలసినది అతడు పోసిన నీటిచేత కాదు, మిగిల్చిన నీటిచేత.